పెరిగిన బండి

మేవిస్ సుత్తి దెబ్బకి
మా రెండిళ్ల మధ్య గోడ ఉలిక్కిపడింది.
నైట్ డ్యూటీ చేసొచ్చి అప్పుడే కన్నంటుకున్న దాన్ని
చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి చూస్తే
వెనక సందులో, టార్పాలిన్ కింద
క్లెమ్ నడిపిన పాలబండి.
ఆమె ముందు వాళ్ల పెళ్లినాటి టీ సెట్టు.
ఒక్కో కప్పునీ పాత తువ్వాల్లో చుట్టి
పసిగుడ్డుని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి
ఒకటే దెబ్బ.

"లేపేశానా, డక్?" అంది.
ఈ ఊళ్లో అందరూ అందరికీ బాతులే.
మొదటి ఏడాది నా నడక చూసి అంటున్నారనుకున్నాను.

బర్స్‌లెమ్‌లో ఎక్కడ తవ్వినా పింగాణీయే.
గులాబీ మొక్క పెడదామంటే
పారకి టక్కున కప్పు చెవి తగులుతుంది.
కొలుముల పొగ పోయింది, పనులు పోయాయి,
పెంకులే, వాన పడ్డప్పుడల్లా
ఇంకా ఉన్నామంటూ పైకి తేలతాయి.

మేవిస్ పదిహేనో ఏటి నుంచీ
ప్లేట్ల అడుగున ముద్రలు వేసింది.
ఎవరింటికి భోజనానికెళ్లినా ముందు ప్లేటు తిరగేస్తుంది,
ఆ తర్వాతే మనిషి ముఖం.
క్లెమ్ ముప్పై ఎనిమిదేళ్లు
చీకటితో లేచి గుమ్మాల్లో పాలు పెట్టాడు.
బ్యాటరీ బండి, సీసాల గలగల తప్ప చప్పుడుండదు.
అతను పోవడమూ అలాగే జరిగింది,
తలుపు తీసేసరికి
మలుపు తిరిగేసిన బండిలాగా.

సిమెంటు పనికిరాదు,
బండి కదిలితే రేకు ఒళ్లు విరుచుకుంటుందని
టైల్స్ కొట్లో కుర్రాడు వేరే జిగురిచ్చాడు.
వీధంతా పగిలినవి మోసుకొచ్చింది.
మూత లేని చక్కెర గిన్నె,
ముక్కు పోయిన టీ కూజా,
ఎదురింటి ఫర్జానా తెచ్చిన సాసరు,
ఎవరు విసిరారో అడగొద్దంది.

నా దగ్గరేముంది?
మా ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలు.
కిందపడితే వీధి వినేలా అరుస్తాయి,
సొట్టపోతాయి, పగలవు.

వారం ఆగి
బీరువా అడుగునుంచి బిస్కెట్ల డబ్బా తీశాను.
ఆకుపచ్చవి, ఎర్రవి, బంగారు చుక్కలవి.
"ఎప్పుడు పగిలాయి?"
మా భాషలో గాజులు పగలవు, మేవిస్,
పెరుగుతాయి.
దీపం ఆరదు, కొండెక్కుతుంది.
బియ్యం అయిపోతే, నిండుకున్నాయంటాం.

ఆమె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
ప్లేటు తిరగేసినట్టు నన్ను చూసింది.
ఎవరి గాజులని అడగలేదు.
బోసిగా ఉన్న నా మణికట్టు మీద జిగురు మరక ఉంటే
బొటనవేలితో తుడిచింది, అంతే.

తలుపు మీద క్లెమ్ బొమ్మ కూర్చుదామన్నాడు ఫర్జానా పెద్దోడు.
"వద్దు, చీకట్లో వచ్చేవాడు,
ఎవరూ ముఖం చూసిందే లేదు" అంది.
డ్రైవరు వైపు ముక్కలన్నీ బోర్లా అతికించింది.
అరిగిన కిరీటాలు, ముళ్ల దండలు,
సగంలో తెగిన కంపెనీల పేర్లు.
నా గాజులు హెడ్‌లైట్ల చుట్టూ.

మార్చిలో ఓ శనివారం, తెల్లారగట్ల నాలుగింటికి తీసింది బండి.
ఇంత పొద్దున్నెందుకన్న వాళ్లతో
పాలబండి ఇంకెప్పుడెళ్తుందంది.
పింగాణీ బరువుకి మిట్ట ఎక్కలేక మూలిగింది.
నేనూ, ఫర్జానా కొడుకులిద్దరూ వెనకనుంచి తోశాం.
రాళ్లబాట కుదుపుకి
టప్, ఓ నీలం ముక్క.
ఇంకో నాలుగిళ్లు దాటాక ఇంకోటి.
ఏరబోతే
"వదిలెయ్, డక్, అది వాళ్లింటిది."

ఆదివారం పొద్దున
మేవిస్ గుమ్మంలో, మెట్టు మీద
చెవి విరిగినవి, అంచు పోయినవి, నిలువునా చీలినవి.
ఎవరెవరో శుభ్రంగా కడిగి
వరసగా పెట్టి వెళ్లారు,
ఖాళీ సీసాలు బయట పెట్టినట్టు.