ఐదు పిడికెళ్ల ఉప్పు

మొదటి ప్రశ్న నాది కాదు.
హన్మకొండ చౌరస్తాల పాత పుస్తకాల బండి మీద
ముప్పై రూపాయలకు తెచ్చుకున్న డిగ్రీ పుస్తకానిది.
దానికి అట్ట లేదు,
ఎవరో పరీక్ష తప్పినోళ్ల గీతలున్నయి లోపల.
రాత్రంత బట్టీ పట్టి
పొద్దున రెండో బెంచీల లేచి నిలబడి
అప్పుడే తోచినట్టు, తల గోక్కుంట అడిగిన:
"సార్, పెన్సిల్ ముల్లూ వజ్రమూ ఒక్క కార్బనే అయితే
ఒకటెందుకు చేతికంటుతది, ఒకటెందుకు అంటదు?"

ఓదెలు సార్ చాక్‌పీస్ ఆగింది.
కండ్లద్దాలు నొసటి మీదికి పోయినయి.
"మంచి ప్రశ్న," అన్నడు.
ఆ రెండు మాటలు ఇంటిదాక
పిప్పరమెంటు తీరు చప్పరించుకుంట పోయిన.

నోట్‌బుక్ ఆఖరి పేజీల పెన్సిల్‌తోని ఒక గీత.
దసరా సెలవులకు పదకొండు గీతలు.
బతుకమ్మ పేర్చేటప్పుడు కూడ
తంగేడు ఎందుకు పసుపు అని కాదు,
సెలవులైనంక ఏమడగాలె అనే రంది.
తస్లీమా అననే అన్నది:
"నీకు జవాబులు అక్కర లేదు గదనే?"
నిజమే. సార్ జవాబు చెప్పేటప్పుడు
నేను మొఖం చూసేదాన్ని, బోర్డు కాదు.

పదిహేడో గీత కాడ దొరికిపోయిన.
ప్రశ్న మొత్తం విని సార్ నవ్విండు.
"రెండువందల పన్నెండో పేజీ, స్వరూపా.
జవాబు ఆ కిందనే ఉంటది. పేజీ చినిగిందా?"
చినగలేదు.
నెల రోజులు నోరు తెర్వలేదు నేను.

కొత్తవాడల మా ఇంటెనుక
బాపు రంగు గంగాళం కింద కట్టెలు ఎగదోస్తుండు.
జంపఖానాల నూలు, ఎర్ర రంగు,
ఆవిరి కండ్లల్ల కొడుతుంటె
గోడకానిన సంచిలకెళ్లి
ఐదు పిడికెళ్ల దొడ్డుప్పు తీసి ఏసిండు.
పుట్టినకాన్నుంచి చూస్తున్న ఉప్పే.
"అదెందుకు బాపూ?"
"ఏస్తెనే నూలుకు రంగంటుతది.
లేకుంటె నీళ్లల్లనే ఉంటది, అత్తగారింటికి పోనన్నట్టు."
"గదే, ఎందుకు?"
కట్టె తిప్పుడు ఆపి నా దిక్కు చూసిండు.
"మా అయ్య ఏసిండు," అన్నడు.
మళ్ల తిప్పిండు.

ఈసారి క్లాసుల లేచి నిలబడలేదు.
ల్యాబు బయట, పరీక్షనాళికలు కడుక్కుంట,
ఎవ్వరు లేనప్పుడు, కిందికి చూసుకుంట అడిగిన.
మంచి ప్రశ్న అనలేదు సార్.
అద్దాలు ఉన్నకాడనే ఉన్నయి.
"నాకు తెల్వదు," అన్నడు.
కొంచెం సేపైనంక,
"ఎంత ఉప్పు? ముందేస్తరా, మరిగినంకనా?"
అది నాకు తెల్వదు.

ఆదివారం పొద్దున పాత స్కూటర్ మీద వచ్చిండు.
అమ్మ కుర్చీ తుడిచి ఏస్తె కూసోలేదు,
ప్యాంటు మడిచి
గంగాళం పక్కన గొంతుక్కూసున్నడు.
పిడికిలంటె ఎంత? సన్నుప్పు పనికి రాదా?
నల్ల రంగుకు ఎక్కువ పడ్తదా?
బాపు చెప్పినకొద్దీ
బస్సు టికెట్ వెనక రాసుకున్నడు.
బావి నీళ్లయితె అంతే ఉప్పా, నల్లా నీళ్లయితె అంతేనా?
బాపు ఆగిండు.
కట్టె గంగాళం అంచుకు ఆనిచ్చిండు.
"మంచిగడిగినవ్ సారు," అన్నడు.
"బావి నీళ్లకు తక్కువేస్తం.
నలభై ఏండ్లల్ల ఎవ్వరడగలే."
తడి నూలు చిలుప పట్టుకొని
ఇద్దరి మధ్యల నేను, కారుకుంట.

బుధవారం బోర్డు మీద సార్ సగమే రాసిండు:
నీళ్లల్ల నూలుకూ రంగుకూ ఒక్క తీరు ఆవేశం,
ఒకదాన్నొకటి నెట్టుకుంటయి,
ఉప్పు నడిమికొచ్చి కొట్లాట సల్లారుస్తది.
"మిగతా సగం ఇంక చదువుతున్న," అన్నడు.
చాక్‌పీస్ పట్టిన ఏళ్లకు
మా గంగాళం ఎరుపు ఇంక పోలేదు.

వెనక బెంచీల భిక్షపతి చెయ్యి లేపిండు:
"మరి మీ చేతికెట్ల అంటింది సార్,
ఉప్పు రాసుకున్నరా?"
అందరు నవ్విన్రు.
సార్ నవ్వలేదు.
అద్దాలు మెల్లగ నొసటి మీదికి పోతున్నయి.

నాకు మస్తు కోపమొచ్చింది.
ఆ ప్రశ్న నాది.
బాపు చేతులు
పదహారేండ్లు నా ముంగటనే ఉండె.