తప్పొప్పుల పట్టిక

బెర్గెన్‌లో డిసెంబరు మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెడతారు.
నేనుండేది నేలమాళిగలో గనక
ఆ సంగతి నాకు తూర్‌బ్యోర్న్ గొడుగు చెబుతుంది,
నీళ్లోడుతూ.

నా పని ఒక పత్రికకు వెన్ను కుట్టడం.
నూట నలభై ఏళ్లుగా, ఏడాదికి నాలుగుసార్లు,
(యుద్ధంలో మాత్రం చిక్కిపోయి, గోధుమరంగు కాగితం మీద)
మనసు గురించి మాట్లాడుతూనే ఉంది.
మొదట్లో దాని పేరులోనే పిచ్చి ఉండేది.
తర్వాత ఉన్మాదం అన్నారు, ఆ తర్వాత నరాలన్నారు,
ఇప్పుడు అట్ట మీద మూడే పొడి అక్షరాలు.
పేరు మారినప్పుడల్లా సంపాదకులు
ఇల్లు మారినవాళ్లలా కొత్త చిరునామా చెప్పుకున్నారు.
సామాను అదే.

1893 చలికాలపు సంచిక, పుట 212.
"మ., ముప్ఫై ఒకటి, హెర్రింగ్ చేపలకు ఉప్పు పట్టే స్త్రీ.
ఆకలి బాగుంది. నిద్ర లేదు.
రోజంతా లెక్కపెడుతుంది. నలభై ఆరు దాకా వచ్చి
ఆగుతుంది. మళ్లీ ఒకటి.
ఏమిటా లెక్కంటే చెప్పదు. అర్థరహితం."
దాని కిందే చన్నీళ్ల తొట్ల ప్రకటన, ధరలతో సహా.

పీపాలా? పడవలా? తిరిగిరాని మగవాళ్లా?
మెట్లేమో అనుకున్నాను. ఈ నేలమాళిగవి పద్దెనిమిదే.

వసంతం సంచిక చివరి పుటలో
చీమ తలకాయంత అక్షరాల్లో తప్పొప్పుల పట్టిక:
ఒక లాటిన్ మాటలో అక్షరం జారింది.
ఒక ప్రొఫెసరు ఇంటిపేరు తిరగబడింది.
పుట 212లో "నలభై ఆరు" అని ఉన్నచోట
"నలభై ఏడు" అని చదువుకోవాలి.

ఎవరు పట్టుకున్నారు ఆ తప్పు?
అచ్చుకూర్చేవాడికి తెలిసే వీల్లేదు.
డాక్టరే స్టూలు లాక్కుని
మళ్లీ ఒకటి నుంచి విని ఉండాలి,
ఉప్పుకి పగిలిన ఆ వేళ్ల వెంట చూపు పోనిస్తూ.
లేదా అచ్చయిన కాగితం ఎవరో చదివి వినిపిస్తే
ఆమే తల అడ్డంగా ఊపి
"ఒకటి తగ్గింది" అని ఉండాలి.

తర్వాతి సంచికలన్నీ వెతికాను. మ. లేదు.
కోలుకున్నట్టూ లేదు, పోయినట్టూ లేదు.
"అర్థరహితం" అన్నమాటని ఎవరూ దిద్దలేదు.

వచ్చే ఏడు నుంచి కాగితం ఉండదట, అంతా తెర మీదే.
తప్పులు ఎక్కడివక్కడ, జాడ లేకుండా మారిపోతాయట.
తూర్‌బ్యోర్న్ సంతోషంగానే చెప్పాడు.
మంచిదే అన్నాను, మైనపు దారం పంటితో తెంపుతూ.

కుట్లు లెక్కపెట్టే అలవాటు నాకు లేదు.
ఇవాళ ఇరవై మూడు దాకా వచ్చాక
అతనేదో అడిగాడు.
ఆగమని చెయ్యి చూపించాను.