అతుకు

మంగళ, గురువారాల్లో రాత్రి ఏడింటికి
వాల్పరైసో రేవు వెనక, పాత ట్రామ్ షెడ్డులో మా బడి.
పదకొండుమందిమి. ఆడదాన్ని నేనొక్కదాన్నే.
నలభై ఒకటో ఏట
పలక పట్టినట్టు రంపం పట్టాను.

ఎలెయుతేరియో మాస్టారు మొదటిరోజు పాఠమేమీ చెప్పలేదు.
తలా ఒక రాగిగొట్టం ముక్క చేతిలో పెట్టి
"మీ మొహం కనపడేదాకా గరుకు కాగితంతో రుద్దండి" అని
టీ కాచుకోడానికి వెళ్లిపోయాడు.
రిగోబెర్తోకి పంతొమ్మిదేళ్లు, రెండు రుద్దులు రుద్ది ఫోను తీశాడు.
నేను రుద్దుతూనే ఉన్నాను.
చేపల ఫ్యాక్టరీలో పదహారేళ్లు పొలుసు గీకిన చేతులు,
వీటికి ఇదేం కొత్త?

నీరు పల్లమెరుగు అంటారు.
మా కొండమీద నీరు మెట్లెరిగేది.
నూట అరవై రెండు మెట్లు. అమ్మ రెండు బకెట్లు, నేనొకటి.
పైకి చేరేసరికి నాది ముప్పాతికే మిగిలేది,
తక్కిన పాతిక నా చెప్పుల్లో.

మంట చూపించాల్సింది టంకానికి కాదట, గొట్టానికట.
గొట్టం సరిగ్గా కాగితే
టంకం దానంతటదే సందులోకి పరిగెడుతుంది, పైకి కూడా.
"పైకి కూడానా?"
"సందు సన్నగా ఉంటే, పైకి కూడా."
ఆ రాత్రి మెట్లెక్కుతూ అదే మాట నములుకుంటూ వెళ్లాను.

ఇంకా ఎన్నో.
భూమి ఊగే ఊరిది, గొట్టాన్ని గోడకి మరీ బిగించి కట్టకూడదు,
కాస్త కదలనివ్వాలి.
సింకు కింద వంపులో పుక్కిలెడు నీళ్లు ఎప్పుడూ నిలిచుంటాయి,
ఊరి కంపు ఇంట్లోకి రాకుండా కాపలా అవే.
ఇన్నేళ్లూ ఆ వంపుని తిట్టుకుంటూ తుడిచాను నేను.

డిసెంబరు ఎండల్లో పరీక్ష.
గొట్టాలు అతికి, నీళ్లు నింపి, పంపు కొట్టి, ముల్లుని పదికి చేర్చి
అరగంట చేతులు కట్టుకు నిలబడాలి.
ఏమీ జరక్కపోవడమే ఈ పనిలో గెలుపు.

పదిహేడో నిమిషంలో
నా మూడో అతుకు కింద ఒక చుక్క కన్ను తెరిచింది.
మాస్టారు ఒక్క మాటా అనలేదు.
ఖాళీ సార్డీన్ డబ్బా తెచ్చి దానికింద పెట్టాడు.
టక్.
రిగోబెర్తో తల దించుకున్నాడు, నాకోసం.
టక్.

తర్వాత రంపం నా చేతికే ఇచ్చాడు.
అతుకుని నిలువునా కోశాను.
లోపల టంకం సగందాకా వెండిలా పాకి
ఒకచోట ఠక్కున ఆగిపోయింది.
మెరిపించాక, ఎంత మెరిసిందో అని
వేలితో ఒక్కసారి ముట్టుకున్న చోటు అది.
నా వేలి జిడ్డు.
చేపనూనె ఇంకా వదల్లేదేమో, ఎవరికి తెలుసు.

మార్చిలో మళ్లీ రమ్మన్నారు.

ఆ సగం ముక్క నా కోటు జేబులో ఉంది.
మెట్లమీద ఆయాసం తీర్చుకునేటప్పుడు
బొటనవేలితో లోపల తడుముతాను,
ఎక్కడ ఆగిందో అక్కడిదాకా.
అతుకుల బతుకు అని ఎవరైనా జాలిపడితే నవ్వొస్తుందిప్పుడు.
అతకడం అంత తేలికనుకున్నారా?

తొంభయ్యో మెట్టు దగ్గర, దోన్యా ఓర్తెన్సియా గోడ వెనక
సన్నగా ఏదో కారుతోంది.
ఆవిడకింకా తెలీదు.
చెవి ఆనించి కాసేపు నిలబడ్డాను.
తలుపు కొట్టనా, మార్చిదాకా ఆగనా?

కొట్టాను.