ఖాళీ బండి తూకం

మూత తెరవక ముందే చేత్తో ఎత్తి చూసినాను.
రెండుంబావు కిలో ఉంటుంది, చార్జరు కాకుండా.
దామలచెరువు కాటా దగ్గర ఆరు సీజన్లు
తోతాపురి లారీలకు చీటీలు రాసిన చెయ్యి ఇది,
బరువు తెలుసు దీనికి.

చిత్తూరు చర్చి వీధి మలుపులో ఇంతియాజ్ అంగడి.
బెంగళూరు ఆఫీసులు వాడి వదిలేసిన ల్యాప్‌టాపులు
కాయల మాదిరే గ్రేడు కట్టి పేర్చి ఉంటాయి.
మచ్చ లేనివి పైన, దెబ్బ తగిలినవి కింద,
గుజ్జు ఫ్యాక్టరీకి తప్ప పనికిరానివి
మూలన గోనెసంచిలో.

"కోడింగుకా మా? అయితే ఇది చూడు" అని
నల్లగా నిగనిగలాడేదాన్ని ముందుకు జరిపినాడు.
మీటల కింద ఎరుపూ నీలం లైట్లు,
గంగజాతర రాత్రి మాదిరి.
ఫ్యాను మోత ఘాటెక్కే టెంపోది.
అరవై రెండువేలు.
కార్ల పందెం ఎంత బాగా ఆడుతుందో ఆడి చూపించినాడు.
"కరెంటు పోతే ఎంతసేపు ఉంటుంది నా?" అన్నాను.
అతను నవ్వి, లైట్లు ఆర్పేసినాడు.

నా దగ్గర ఉండేది ఇరవై మూడువేలు.
ఎందుకు కొంటున్నానో అతనికి చెప్పలేదు.

లారీ నిండుగా వస్తే ఒక తూకం.
కాయ దించి ఖాళీగా పోతే ఒక తూకం.
నడుమ తేడాకే రైతుకు దుడ్లు.
ఆ రెండో తూకం ఎవరూ వెయ్యరు.
స్టెప్నీ టైరూ, తడిసిన టార్పాలినూ,
కిందికి దిగని క్లీనరూ కలిపి
ఎప్పుడో ఒకసారి వేసిన ఖాళీ బరువునే
ప్రతి చీటీలోనూ రాస్తారు.
రాస్తారు అంటున్నాను చూడండి.
రాసింది నేనే.
బండికి నలభై కిలోలు, ఒకోసారి డెబ్బై.

రెండో తూకం పడందే
చీటీ బయటికి రాని ప్రోగ్రాము ఒకటి రాయాలి.
ఆఫీసులో కంప్యూటరు ఉంది. అది ఓనరుది.
దాంట్లో రాస్తే రాసిందీ ఆయనదే,
చెరపడమూ ఆయన ఇష్టమే.
నాది నాకు కావాలి.
రాసినాక ఎవరు వాడతారు అంటే, తెలీదు.

కింది అరలోది తీయమన్నాను.
మూత మీద సగం పీకిన స్టిక్కరు,
ఏదో కంపెనీ నంబరు.
స్క్రీను మూలన కందిగింజంత తెల్లమచ్చ.
ర్యాము ఎనిమిది, ఇంకో ఎనిమిదికి గాడి ఖాళీగా ఉంది,
ఎస్సెస్డీ కొత్తది, బ్యాటరీ రెండు గంటలు మా, ఒట్టు.
ఇంతియాజ్ చెప్పింది అంత.
మిగిలింది మీటలు చెప్పినాయి.

ఈ, ఎస్, టీ అక్షరాలు మసక.
బ్రాకెట్ల చోట కొంచెం నునుపు.
అన్నిటికంటే అరిగింది బ్యాక్‌స్పేసు,
నడుమ గుంటపడి, గంధం తీసిన సాన మాదిరి.
ఆడో మగో తెలీదు.
రాసి, ఇది తప్పని ఒప్పుకోని, వెనక్కొచ్చి,
మళ్ళీ రాసిన మనిషి.
ఆరు సీజన్లలో నేను
ఒక్క అంకె కొట్టేసి దిద్దినది లేదు.

"ఆ మీట అరిగిపోయింది, మూడొందలకి మార్పిస్తా" అన్నాడు.
వద్దన్నాను.
పందొమ్మిదిన్నరకి తెగింది.
మిగిలిన దుడ్లు గాడిలోకి పోయినాయి.

ఆ రాత్రి సంచీతోనే డ్యూటీకి పోయినాను.
వాన పడి యార్డులో బండ్లు లేవు.
ఊరికే, కాటా నడుమ దాన్ని పెట్టి చూసినాను.
సున్నా.
పదుల్లో తప్ప లెక్కపెట్టదు లారీల కాటా.
నేను ఒక్కదాన్నే ఎక్కితే
యాభై అని లోపల్నుంచి కేకేసినాడు వాచ్‌మన్ దొరస్వామి.
దాన్ని చంకన పెట్టుకోని మళ్ళీ ఎక్కినాను.
"అరవై! ఏం తిన్నావు మా ఇంతలోకి?"

రెండుంబావు కిలోకి పది కిలోలు.
ఈ తేడాని ఎట్లా దిద్దాలో ఇంకా నేర్చుకోలేదు.
చీటీల పుస్తకం పక్కకు జరిపి
మూత తెరిచినాను.