పట్టేసింది

చీటీ పాడి కొన్న కొత్త వాషింగ్ మిషను
అట్టపెట్టె విప్పకుండా వరండాలో కూచుంది
ముహూర్తానికి ముందే దిగిన చుట్టంలా.
బిగించడానికొచ్చిన కుర్రాడు పాతదాని వెనక వంగి
వాల్వు మీద రెండు వేళ్ళు ఆనించి, తీసేశాడు.
"ఇది పట్టేసిందక్కా. నేను ముట్టుకోను.
ఇరిగితే కంపెనీ ఒప్పుకోదు."
సంతకం పెట్టించుకుని బండెక్కాడు.

పదకొండేళ్ళు.
ఆ పిడిని ఒక్కనాడూ మూసిన పాపాన పోలేదు.
నీళ్ళొస్తున్నాయి గదా, అంతే.
కనిగిరి బోరు నీళ్ళు ఊరుకుంటాయా,
దాని మెడ చుట్టూ తెల్లగా, పొర మీద పొర
సున్నం కట్టి కూచున్నాయి.

సాయంత్రానికి కాలేషా వచ్చాడు.
రెంచి తియ్యలేదు.
"నిమ్మకాయుందా? పాత గుడ్డ? కాస్త కొబ్బరినూనె?"
బెణికిన కాలికి కట్టినట్టు కట్టు కట్టి
దాని మీద వేణ్ణీళ్ళు పోసి
గడప మీద కూచుని టీ అడిగాడు.
"బలం చూపిస్తే గోడలో పైపు ఇరుగుద్దమ్మా.
అప్పుడు గోడ పగలగొట్టాల.
గోడ పగిలితే మీ ఆయన నన్ను పగలగొడతాడు."

గ్లాసు పట్టుకున్న చెయ్యి చూశాను.
మోచెయ్యి పూర్తిగా చాపుకోదు.
పక్కకి చూడాలంటే మనిషంతా తిరుగుతాడు.
నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు,
మా వీధిలో సగంమందికి ఉన్నవే. నాకూ.
ఈ నీళ్ళకి
కీలు ఇత్తడిదో ఎముకదో తెలీదు.

అరగంటయ్యాక పిడిని
మూసేవైపు కాదు, తెరిచేవైపే వెంట్రుకవాసి తిప్పాడు.
మళ్ళీ ఇటు. మళ్ళీ అటు.
టిక్కుమంది.
"కదిలిందా?"
"అది నా వేలమ్మా."

ఇంక మార్చాల్సిందే. మిద్దెక్కి మెయిన్ వాల్వు చూస్తే
అదీ పట్టేసింది.
ట్యాంకు ఖాళీ చేస్తే తప్ప దారి లేదు.
కొళాయి మళ్ళీ శుక్రవారమే, ఇది సోమవారం.
గేటు దగ్గర నిలబడి కేకేశాను.
బిందెలొచ్చాయి, పెయింటు బకెట్లొచ్చాయి,
ఇడ్లీ బండి మాల్యాద్రి పాలక్యాను తెచ్చాడు.
రెండేళ్ళుగా నాతో మాటల్లేని ఎదురింటి చెంచురత్నం
డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చి
"అడుగు నీళ్ళా, పై నీళ్ళా?" అంది.
పై నీళ్ళే అన్నాను.
అడుగున ఏముందో నాకు మాత్రం తెలుసా.

కొత్త వాల్వు బిగించి, టేపు చుట్టి,
కాలేషా వాయిదాల మీద లేచి నిలబడ్డాడు.
"నెలకోసారి మూసి తెరువు. పని లేకపోయినా సరే."
"మరి నీ మెడకో?"
"దానికి మెయిన్ వాల్వు యాడుందో
ఒంగోలు డాక్టరు గూడా చెప్పలా" అన్నాడు, మనిషంతా తిరిగి.

రాత్రి తొమ్మిదిన్నరకి మిషను దాని చోట్లో నిలబడింది.
మీట నొక్కితే పాట పాడింది, నీలం లైటు వెలిగింది,
నీళ్ళ కోసం కాసేపు గొంతు సవరించుకుని
ఆగిపోయింది.
విడిచిన బట్టలు బుట్టలో.
శుక్రవారం దాకా.