కారం అంటని చెయ్యి

ఏటుకూరు రోడ్డులో గోదాం వెనక రేకుల షెడ్డు.
లోపల అడుగుపెట్టగానే ఎవరైనా తుమ్మాలి,
అదే అక్కడి హాజరు పట్టీ.
సముద్రాలు దాటొచ్చిన ఇన్‌గ్రిడ్ పదకొండుసార్లు తుమ్మింది.
మిరపకాయల ముచ్చికలు తీస్తున్న ముప్పై మంది ఆడవాళ్లు
లెక్కపెట్టి మరీ నవ్వారు.

నా పని మాటలు మోయడం.
ఇటు మాట అటు, అటు మాట ఇటు.
రోజుకి నాలుగు వందలు, మధ్యాహ్నం అన్నం.
"మంటే తల్లీ, రాత్రిళ్లు చేతులు
కుండనీళ్లలో పెట్టుకుని కునుకు తీస్తా"
అంది దీవెనమ్మ.
నేను చర్మ సమస్య అన్నాను.
ఇన్‌గ్రిడ్ రాసుకుంది.
కుండ ఎక్కడ ఒలికిపోయిందో
నాకొక్కదానికే తెలుసు.

మరుసటి వారం అట్టపెట్టెల నిండా గ్లౌజులు, నీలం రంగువి.
తొడుక్కుని ఫొటో దిగారు, మర్యాదకి.
ఫొటో కాగానే విప్పేశారు.
వేలికి ముచ్చిక తెలియాలి కదమ్మా,
తెలియకపోతే కాయ చిట్లుద్ది,
చిట్లితే మేస్త్రి కూలి కోస్తాడు.
హుస్సేన్‌బీ మాత్రం ఒక జతలో నీళ్లు నింపి
ఈగలు రాకుండా గుమ్మానికి వేలాడదీసింది.
ఇప్పటికీ ఆ ఇంటికి వెళ్తే
అయిదేసి లావుపాటి వేళ్లు దీవిస్తాయి.

"మరి మీకేం కావాలి?"
చిన్న మాట. బరువేం లేదు.
అయినా ఇదివరకెవరూ నా చేత మోయించలేదు.
చాలాసేపు కాయల చప్పుడే.
మూలన గోనెపట్టా మీద సలోమి చంటోడు
ముక్కు కారుతూ ఏడుస్తున్నాడు.
తుడవబోయి
చెయ్యి గాల్లోనే ఆపేసింది సలోమి.
"ఒక చెయ్యి," అంది.
"కారం అంటని చెయ్యి, ఒక్కటి."

దీన్ని నేనేం మార్చలేదు.

షెడ్డు పక్కనే గది దొరికింది.
రెండు చీర ఉయ్యాళ్లు, ఒక చాప, ఫినాయిలు వాసన.
అద్దె అక్కడివాళ్లు కట్టారు.
నర్సింగు కాలేజీ పిల్లలు వంతులేసుకుని వచ్చారు.
పాలక్యాను ఆటో సైదులు తెచ్చేవాడు.
ఊరికే తెస్తున్నావా అంటే కోపం అతనికి,
"దారిలోదేగా" అనేవాడు.
అతని దారి సంగడిగుంట వైపు.
పాలకేంద్రం ఊరికి ఆ చివర.

రెండేళ్లకి ఉత్తరం వచ్చింది, ప్రాధాన్యాలు మారాయని.
ఇన్‌గ్రిడ్ ఫోన్లో ఏడ్చింది.
ఆ ఒక్కదానికి దుబాసీ అక్కర్లేదు.
పరీక్షలొచ్చి కాలేజీ పిల్లలూ తగ్గారు.
ఇంటాయన తాళంకప్ప చేత్తో ఊపుకుంటూ
గుమ్మంలో నిలబడ్డాడు.

ఆ రాత్రి దీవెనమ్మ బొగ్గుముక్కతో
గది గోడ మీద ముప్పై గీతలు గీసింది.
రోజుకొకరు కాయ ముట్టకూడదు.
ఆమె పిల్లల్ని చూస్తుంది,
ఆమె బుట్ట మిగతా ఇరవైతొమ్మిది మంది నింపుతారు.
చెప్పినంత తేలిగ్గా ఏం జరగలేదు.
పిల్లల్లేని నేనెందుకు నింపాలని
హుస్సేన్‌బీ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.
మూడో రోజు అందరికంటే ముందొచ్చి
సలోమి చంటోణ్ణి చంకనేసుకుంది.
అద్దె దగ్గర మాత్రం ఇప్పటికీ గొడవే.
సైదులు దారి ఇప్పటికీ అటే.

నిన్న మా అమ్మ వంతు.
చెప్పలేదు కదూ,
గోడ మీద పంతొమ్మిదో గీత ఆమెది.
పొద్దున్నే శనగపిండితో రెండుసార్లు చేతులు రుద్దుకుని వెళ్లింది.
పదిహేడు ముక్కులు తుడిచిందట.
సాయంత్రం ఇంటికొచ్చి,
ఖాళీ చేతులతో ఏం చెయ్యాలో తోచనట్టు నిలబడి,
నా చెంప మీద అరచెయ్యి పెట్టింది.

ఇరవై మూడేళ్లు నాకు.
మిరప సీజన్లో అమ్మ నా ముఖం ముట్టుకోవడం
ఇదే మొదలు.

గరుగ్గా ఉంది. చల్లగా ఉంది.
ఈ మాట ఎటు మోయాలో తెలియక
గమ్మునున్నాను.