నాలుగో చట్రం

నాలుగు పౌన్ల ఉష్ణమాపకం,
ఎవరో పారేసిన బరువు మిషన్ నుంచి
ఊడదీసిన ఇనుప ముక్కలు,
వాన తగలకుండా పెరుగు డబ్బాలో దాచిన చిన్న బోర్డు.
బ్రెకన్ బస్ డిపోలో వైర్లు అతికే నేను
ఎమ్రిస్ ప్రోబర్ట్ తేనెపెట్టెకి కట్టిన తాయెత్తు ఇది.

ఆయనకి చెవులు పోయాయి.
క్వారీ సగం తీసుకుంది, వయసు మిగతాది.
ఒకప్పుడు పెట్టెకి చెంప ఆనించి
రాణి ఉందో లేదో చెప్పేవాడట.
ఇప్పుడా రొద
నా ఫోనులో వణికే ఒక గీత.
చూపిస్తే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"ఇందులో పాట ఏదోయ్?" అంటాడు.

జనవరి. రాత్రి రెండున్నర.
ఇరవై ఆరు దగ్గర కునుకుతుండే అంకె
మూడుకి దిగింది.
బయట కూడా మూడే.
లోపలా బయటా ఒకటే చలి అంటే ఏమిటో
ఒకరు చెప్పక్కర్లేదు.
ఎదురింట్లో ఆయన కిటికీ చీకటి.
చెవిటివాడి తలుపు ఎంతసేపు బాదాలి?
చెడ్డ కబురుకి తొందరేముందిలే అనుకుని
చల్లారిన టీ ముందు
ఆ మూడుతో కూర్చున్నాను.

తెల్లారాక, కరకరలాడే మంచుగడ్డిలో
ఆయన ముందు, నేను వెనక.
ఫోను చాపాను. చూడలేదు.
తొడుగు విప్పి
పెట్టె గోడ మీద అరచెయ్యి పెట్టి
పసిపిల్ల ఒళ్ళు చూసినట్టు
మెల్లగా జరుపుకుంటూ పోయాడు.
నా సెన్సర్ వేలాడే నాలుగో చట్రం దాటాడు.
ఐదు. ఆరు.
తొమ్మిది దగ్గర ఆగి
నా చెయ్యి లాగి అక్కడ అదిమాడు.

చెక్కకి అవతల
ఎక్కడో చాలా దూరాన
ఎవరో తిరగలి తిప్పుతున్నారు.

తిండి అయిపోయిన చోటు వదిలి
తేనె మిగిలిన వైపుకి
ఒకదాన్నొకటి పట్టుకుని, ముద్దగా,
అంగుళం అంగుళం జరిగాయి.
రాత్రంతా నేను
ఖాళీ చేసిన ఇంటి చలి కొలిచి
శోకం పెట్టాను.

బరువు గీతని అప్పుడు చూశాను.
వారానికి పావుకిలో, మానకుండా తగ్గుతోంది.
తినేవాళ్ళుంటేనే కదా తరుగు!
అదీ నా చేతిలోనే ఉంది, రాత్రి,
ఆ మూడు పక్కనే.

"మిషను మంచిదే," అన్నాడు ఎమ్రిస్,
తొడుగు వేసుకుంటూ, అవసరానికి మించి గట్టిగా.
"దానికి కాస్త నడక నేర్పు."

ఇంకో నాలుగు పౌన్లు. తొమ్మిదో చట్రానికి.
అక్కడి నుంచీ జరుగుతాయి,
తెలుసు.